నది, చేప, అడవి కలిపి ఒక బొమ్మ చేస్తున్న. మన కృష్ణకు, మన నల్లమలకు సరిపోయేటట్టు ఎట్ల చెయ్యాలె?

సోమశిల ఒడ్డు:

నమస్తే అందరికి. మాది కొల్లాపూర్. ఇంట్ల బ్లౌజులు కుట్టి బతుకుత. బొమ్మలేసుడు చిన్నప్పటి సంది ఉన్నదే గని, ఒక పదేండ్ల నుంచి ఉత్త రంగులతోని ఆగకుండ బట్ట ముక్కలు, పాత వల, ఎండుటాకులు, దారం అన్ని కలిపి చేస్తున్న. దాన్ని మిక్స్‌డ్ మీడియా అంటరని డ్రాయింగ్ పరీక్ష రాసిన మా చెల్లె బిడ్డ చెప్పింది. పేరు ఏదైనా, నా చెయ్యి మాత్రం అటే పోతది.

పోయిన దసరాకు మా చిన్నాయన కొడుకు కెనడా నుంచి వీడియో కాల్ చేసిండు. వాంకూవర్ దగ్గర ఒక వాగు ఒడ్డున నిలబడి ఫోను నీళ్ల మీదికి తిప్పిండు. మోకాలి లోతు నీళ్లు. అండ్ల ఎర్రటి చేపలు, ఒకదాని మీద ఒకటి, పొట్టలు రాళ్లకు గీసుకుంట ఎదురెక్కుతున్నయి. సాల్మన్ అంట. వాగుల పుట్టి, సముద్రంల పెరిగి, మళ్ల పుట్టిన వాగుకే వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోతయంట. ఎలుగ్గొడ్లు వాటిని పట్టుకొని అడివిలకు ఈడ్చుకపోయి, సగం తిని వదిలేస్తే, మిగిలింది చెట్లకు ఎరువైతదంట. "అక్కా, ఈ చెట్లల్ల సముద్రం ఉంది" అన్నడు వాడు. ఆ మాట నన్ను పట్టుకొని వదలలేదు.

మరునాడే ఆరడుగుల గాడా బట్ట తెచ్చి మొదలువెట్టిన. ఎర్ర చేప, నల్ల ఎలుగు, ఆకాశం దాక చెట్టు. చెట్టు మొదలుకు పాత వల కుట్టిన, వేర్ల లెక్క. నాలుగు రోజులు మిషన్ ముట్టలేదు. ఐదో నాడు మా నాయిన వచ్చి చూసిండు. ఆయన కృష్ణల చేపలు పట్టినోడు, కృష్ణను గంగ అనే అంటడు. డెబ్బై దాటినయి, ఇప్పుడు పట్టుడు లేదు. చానాసేపు నిలబడి, "బొమ్మ మంచిగనే ఉంది బిడ్డా. గని ఇది మన గంగ కాదు. ఈ చేపను నేను ఎన్నడన్న పట్టిన్నా? మన ఎలుగ్గొడ్డు చేప తింటదా? పుట్టలు తవ్వి చెదలు తింటది, ఇప్పపువ్వు తింటది" అన్నడు.

నిజమే గదా. బట్ట మడిచి బీరువ మీద పెట్టిన.

ఆ రాత్రి నాయిన ఇంకో ముచ్చట చెప్పిండు. మా తాతల ఊరు శ్రీశైలం ముంపుల పోయింది. అప్పటికి ఆయన పెండ్లి కాని పిలగాడు. డ్యాము రాకముందు, తొలకరి ఎర్రనీళ్లు దిగంగనే చేపలు గంగ విడిచి వాగులల్లకు ఎదురెక్కేవంట. నల్లమల లోపలి మడుగుల దాక పోయేవి. వానలు వెనక్కు పోయినంక కొన్ని మడుగులల్లనే చిక్కుకునేవి. "ఎండాకాలం ఆ మడుగు ఎండుతుంటే చూడాలె, కొంగలు, నీటికుక్కలు, అడివిపందులు, చెంచోళ్లు, అందరికి అదే పండుగ" అన్నడు.

ఇది విన్నంక నాకు అనిపించింది, సాల్మన్ అసొంటి కథ మన దగ్గర కూడ ఉంది, నేనే ఇన్నేండ్లు చూడలేదని. అందుకే అడుగుత. మన దగ్గర చేపను అడివిలకు మోసేది ఎవరు? అడివిని నీళ్లల్లకు మోసేది ఎవరు? ఏ చెట్టు, ఏ పిట్ట, ఏ చేప పెడితే అబద్ధం కాకుండ ఉంటది?

పని సంగతి కూడ అడగాలె. జపాన్ల చేపకు సిరా పూసి కాగితం మీద అద్దుతరంట, గ్యోటాకు అంటరు. ఆదివారం అంగట్ల కిలోన్నర బొచ్చ చేప తెచ్చి, పోస్టర్ కలర్ పూసి బట్ట మీద అద్దిన. చేప జారింది. రంగు బట్టల పాకి మబ్బు లెక్క అయింది, ఒక్క పొలుసు కూడ కనిపియ్యలేదు. పొలుసులు కడిగి ఎండవెట్టి ఫెవికాల్‌తోని అతికిస్తే మూడో రోజుకు గోర్ల లెక్క ముడుసుకున్నయి. పైంగ చీమలు వచ్చి ఒక్కొక్కటి పీక్కపోయినయి. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

అచ్చంపేట నడక:

అక్కా, మీ నాయిన చెప్పింది ఒక్కొక్క మాట నిజం. నేను పదిహేనేండ్ల నుంచి పిట్టలు చూసుకుంట తిరుగుతున్న, మన్ననూరు, ఫరహాబాద్ దిక్కు ఎక్కువ. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్గొండ రెండు జిల్లాలల్ల ఉంది. దాని దక్షిణం అంచు మొత్తం కృష్ణనే. నదిని, అడివిని విడదీసి చూసుడు మన దగ్గర కుదరదు.

మోసేటోళ్లు ఎవరని అడిగినవు. మొదటిది నీటికుక్క. ఎలుగ్గొడ్డు బదులు దీన్ని పెట్టు, ఎవ్వరు కాదనరు. ఒక సంగతి దగ్గరి నుంచి చూసిన, చెప్పాలె. నీటికుక్కల గుంపు ఎప్పుడూ నీళ్ల పక్కన ఒకటే బండనో, ఒకటే ఇసుక దిబ్బనో ఎంచుకొని అక్కడనే పెంట వేస్తయి. నిరుడు మాఘంల అట్లాంటి బండ ఒకటి దొరికింది. ఎండిన పెంటను పుల్లతోని కదిపితే మట్టి లేదు, మెత్తటిది ఏం లేదు, అంత చేప పొలుసులు, సన్న ముండ్లు. ఎండకు అభ్రకం లెక్క మెరుస్తుంది. బండ చీలికలల్ల అది కొట్టుకపోయి పేరుకున్న తావున గడ్డి మిగతా కన్న పచ్చగ, మోకాలెత్తు ఉంది. బండ మీద పొలుసులు, కింద పచ్చగడ్డి. నేను బొమ్మలేసేటోన్ని కాను గని, వేస్తే అదొక్కటే వేసేటోన్ని.

రెండోది చేపలు తినే గుడ్లగూబ. మాములు గూబ కన్న పెద్దది, పసుపు కండ్లు, చెవుల కాడ ఈకలు నిక్కి ఉంటయి. పగలంత వాగు పక్కన గుబురు చెట్టుల కూసుంటది, పొద్దుగూకినంక బండ మీదికి దిగుతది. అది కూసునే కొమ్మ కింద ఎండ్రకాయ డొప్పలు, చేప ముండ్లు దొరుకుతయి. ఇంక నీటికాకులు, కొంగలు, లకుముకులు. నీటికాకులు రాత్రి పండే చెట్టు కింద సున్నం కొట్టినట్టు తెల్లగ ఉంటది. ఆ రెట్ట అంత నిన్నటి చేపనే గద.

చెట్టంటవా, ఏరుమద్ది పెట్టు. తెల్లమద్ది అని కూడ అంటరు. వాగు ఒడ్డు విడిచి పోదు. బెరడు నున్నగ, లేత బూడిద రంగు, పెచ్చులు పెచ్చులు ఊడుతది. దాని వేర్లు ఒడ్డు కోసుకపోయిన తావుల నీళ్లల్లకు జడల లెక్క వేలాడుతుంటయి, వాటి సందులల్ల చేపపిల్లలు దాక్కుంటయి. పైన గూబ, కింద చేపపిల్ల, నడుమ ఒకటే చెట్టు. టేకు బొమ్మ వేస్తే చూసేటోళ్లు అడివి అని గుర్తుపడతరు గని, ఈ కథల టేకుకు పని తక్కువ. వాగు పొంటి మేడి చెట్టు కూడ ఉంటది, మేడిపండ్లు నీళ్లల్ల పడితే చేపలు ఎగబడతయి.

ఒక ముఖ్యమైన మాట. రిజర్వు లోపలి నుంచి ఆకు, పుల్ల, బెరడు ఏదీ తేవొద్దు. చెంచులకు అటవీ హక్కుల చట్టం కింద ఉన్న హక్కు వాళ్లది, మనది కాదు. పిట్టల ఈకలు, నీటికుక్క బొచ్చు అతికించాలని మనసు లాగొచ్చు, 1972 వన్యప్రాణి చట్టంతోని ఇరుకున పడతవు. వాటిని దారంతోని కుట్టు. నీ చేతిల సూది ఉంది గద.

మగ్గం గుంత:

మాది పుట్టపాక. తేలియా రుమాలు నేస్తం. బొమ్మ ఎట్ల ఉండాలెనో నాకు తెల్వదు, బట్ట సంగతి చెప్త.

అక్కా, తప్పు నీ చెయ్యిది కాదు, బట్టది. గంజి ఉన్న గాడాను అట్లనే పట్టినవు, రంగు ఎట్ల నిలుస్తది? ముందు బట్టను సోడా వేసి ఉడకవెట్టి గంజి పోగొట్టు. తర్వాత కరక్కాయ పొడిని బర్రె పాలల్ల కలిపి, బట్ట అండ్ల ముంచి, పిండి, నీడకు ఆరెయ్యి. కలంకారీ చేసేటోళ్ల పద్ధతి ఇది. పాలల్ల కొవ్వు ఉంటది కాబట్టి సిరా పాకదు, గీత గీసినట్టు నిలుస్తది. బర్రె పాలే కావాలె, ప్యాకెట్ టోన్డ్ పాలు పనికిరావు.

పోస్టర్ కలర్ పక్కకు వెట్టి ఇనుప నీళ్లు చేసుకో. తుప్పు పట్టిన మొలలు, లాడాలు, బెల్లం, నీళ్లు కుండల వేసి మూతికి బట్ట కట్టి రెండు మూడు వారాలు వదిలెయ్యి. పుల్లటి వాసన వస్తది, నురుగ ఆగిపోతది, అప్పుడు వడకట్టు. అది చూస్తే పలుచని చాయ నీళ్ల లెక్క ఉంటది, ఏం రంగు వస్తదిలే అనుకుంటవు. కరక్కాయ బట్టకు తగలంగనే కండ్ల ముందల నల్లగ మారుతది. కరక్కాయల ఉన్న వగరు, ఇనుము కలిసి ఆ నలుపు. చేపకు పూయాలంటె పలుచగ ఉంటే జారుతది, చింతగింజల పిండి ఉడకవెట్టి కొంచెం చిక్కగ చేసుకో.

చేప మీది జిగట పోకపోతే ఏ రంగు పట్టదు. గల్లుప్పు, చింతపండు నీళ్లతోని తోక దిక్కు మెల్లగ రుద్ది కడుగు, పొలుసు లేవొద్దు. పాత నూలు బట్టతోని తుడిచి, ఫ్యాన్ కింద పావుగంట పెట్టు. మొప్పలల్ల, నోట్ల, వెనకాల దూది పెట్టు, లేకుంటే నీళ్లు ఊరి మరక అయితది. రెక్కలు థర్మాకోల్ మీద గుండుసూదులతోని విప్పు. అద్దేది గాడా మీద కాదు, సన్న మల్లు బట్ట మీద. బట్టను చేప మీద పరిచి వేలి కొసతోని ఒక్కొక్క పొలుసు తడుముకుంట పో. అరచెయ్యి పెట్టొద్దు.

తేలియా రుమాలు మీదనే అద్దుదాం అని నువ్వు అనుకోవచ్చు, చానామంది అడుగుతరు. వద్దు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి పిసికి, ఎండవెట్టి, మళ్ల పిసికి చేసేది అది. ఆ నూనెకే తేలియా అని పేరు. 2020ల మా పుట్టపాక తేలియాకు జీఐ, అంటె ఫలాన తావు సరుకే అన్న గుర్తింపు, వచ్చింది. అది తనకు తాను పూర్తి అయిన బట్ట, దాని మీద ఇంకోటి ఎక్కించొద్దు. గని ఒకటి చూడు. మా పాత రుమాలల్ల చేపలు, ఎండ్రకాయలు ఉంటయి. దారం మీద చిటికి, అంటె రంగు పట్టకుండ ముడులు, కట్టి, రంగుల ముంచి, విప్పి నేస్తే అంచు కొంచెం చెదిరి, నీళ్లల్ల ఉన్న చేప లెక్కనే వస్తది. ఆ చెదురు నీ బొమ్మల ఏడనో ఒక తావుల తెచ్చుకుంటే మంచిగుంటది.

జువాలజీ సారు, నల్గొండ:

అమ్మా, చాలా మంచి ప్రశ్న. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చేపల పాఠం చెప్పాను. మీ తమ్ముడు చెప్పిన "చెట్లల్లో సముద్రం" మాటకు ఆధారం ఉంది. నత్రజనిలో కాస్త బరువైన రకం ఒకటి ఉంటుంది, నైట్రోజన్-15 అంటారు. సముద్రంలో పెరిగిన చేప ఒంట్లో దాని వాటా ఎక్కువ. సాల్మన్ తన బరువులో చాలా భాగం సముద్రంలోనే సంపాదిస్తుంది కాబట్టి, ఆ గుర్తు మోసుకుని వాగుకు వస్తుంది. బ్రిటిష్ కొలంబియాలో విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ రీమ్‌కెన్ దాన్ని చెట్ల వార్షిక వలయాల్లో వెతికారు. అలాస్కాలో సాల్మన్ వచ్చే వాగుల పక్కన జరిగిన ఇంకో పరిశీలనలో, ఆకుల్లోని నత్రజనిలో దాదాపు నాలుగోవంతు చేపల నుంచి వచ్చినట్టు తేలింది.

ఇక మన సంగతి. ఇక్కడ నేను కొంచెం కఠినంగా చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. మీ బొమ్మలో చేపను నల్లమలకు అన్నం పెట్టే తల్లిగా చూపించకండి. మన చేపలు సాల్మన్‌లా లక్షల్లో వచ్చి ఒక్కసారిగా చచ్చిపోవు. బొచ్చ, రవ్వ, మోసు తొలి వరదకు ఎదురీది, గుడ్లు పెట్టి, తిరిగి నదిలోకి దిగిపోతాయి. చిక్కుకున్నవే అడవికి దక్కుతాయి. మన దగ్గర అడవి నదికిచ్చేదే ఎక్కువ. నల్లమల ఆకురాల్చే అడవి. మాఘం నుంచి రాలిన ఆకు వాగుల్లో ఎండి పడి ఉంటుంది. తొలి వానకు కొట్టుకొచ్చి మడుగుల్లో నానుతుంది, బూజు పడుతుంది. ఆ బూజు పట్టిన ఆకును సన్న పురుగులు కొరుకుతాయి, పురుగును పరక అనే చిన్న చేప తింటుంది, పరకను కొర్రమట్ట తింటుంది. అంటే కొర్రమట్ట తినేది మద్ది ఆకునే, మూడు నోళ్లు మారి. మన రాష్ట్ర చేప కొర్రమట్ట, ఆ గౌరవానికి తగిన స్థలం మీ బొమ్మలో ఇవ్వండి. పాము తలలాంటి తల, గాలి పీల్చడానికి పైకి వచ్చే అలవాటు, బురదలో కూడా బతికే మొండితనం.

సాల్మన్‌కు సరిగ్గా తిరగబడ్డ జీవితం ఉన్న చేప కూడా మనకు ఉంది. మలుగుపాము. పాములా పొడుగ్గా, ఒంటి మీద మచ్చలతో ఉంటుంది. చేపే, పాము కాదు. సముద్రంలో పుట్టి, వేలెడు పిల్లగా నదిలోకి ఎక్కి, ఏళ్ల తరబడి మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికి దిగుతుంది. దాని దారి ఎలా మూసుకుపోయిందో లెక్క వేయండి. విజయవాడ దగ్గర 1855 నాటికే ఆనకట్ట. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జున సాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పైన శ్రీశైలం, ఆ పైన జూరాల. గోదావరికి పులస ఎక్కినట్టే కృష్ణకు కూడా ఒకప్పుడు ఎక్కేది. ఈ కట్టల వల్లే మా నల్గొండ ఆయకట్టు పచ్చబడింది, మా ఇంట్లో అన్నం ఆ నీళ్లదే, దాన్ని నేను తేలిగ్గా మాట్లాడను. కానీ చేపకు ఏమైందో చెప్పడం కూడా అవసరమే. అమెరికాలో ఎల్వా అనే నది మీద 1913లో, 1927లో కట్టిన రెండు డ్యాములను 2011 నుంచి 2014 మధ్య తీసేస్తే సాల్మన్ మళ్లీ పైకి ఎక్కింది. మన సాగర్, శ్రీశైలంతో పోలిస్తే అవి చిన్న డ్యాములు, వాటి కింద లక్షల ఎకరాల వరి లేదు. రెండు నదులను ఒకే తూకంలో పెట్టలేం.

పొలుసుల గురించి. పారేయకండి, అందులో మీకు కావలసింది ఉంది. ఒక పెద్ద బొచ్చ పొలుసు తీసుకుని కంసాలి వాడే భూతద్దం కింద పెట్టి చూడండి. చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల్లాంటివే కనిపిస్తాయి. చేప బాగా ఎదిగిన రోజుల్లో వలయాలు ఎడంగా, తిండి తక్కువైన రోజుల్లో దగ్గర దగ్గరగా. ఆ దగ్గర దగ్గరగా ఉన్న పట్టీలను లెక్కపెట్టే మేం చేప వయసు చెప్పేది. ముడుచుకోకుండా ఉండాలంటే ఉప్పునీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, జిగట పోయేదాకా కడిగి, కొంచెం తడి ఉండగానే రెండు అద్దే కాగితాల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. వారం కదపకండి. చీమలు వచ్చేది పొలుసుకు కాదు, దాని మీద మిగిలిన చర్మానికి.

పాలమూరు బొగ్గుగీత:

అందరు చెప్పింది చదివిన. నాది ఒకటే ప్రశ్న. మీ నాయిన చేపలు పట్టిన పుట్టి, ఆ గుండ్రటి వెదురు పడవ, ఏడుంది?

బట్ట మీద నది, బట్ట మీద అడివి, గోడకు వేలాడదీసుడు, అది మనం చానా చూసినం. వెదురు అడివిది. దాంతోని అల్లిన పుట్టి నీళ్లది. అండ్ల కూసుండేది మీ నాయిన. మీరు అడిగిన "మోసేది ఎవరు" అన్నదానికి జవాబు మీ ఇంటి ఎనక బోర్లవడి ఉందేమో చూడండి. బట్టలు, పొలుసులు అన్ని దాని మీదికే తేండి. కావాలంటె సాయానికి వస్త.

సోమశిల ఒడ్డు:

నెల దాటింది, జవాబు రాయలేకపోయిన, ఏమనుకోవద్దు. పెండ్లిళ్ల సీజను, బ్లౌజులు గుట్ట పడ్డయి. రాత్రులు పని చేసిన.

పాలమూరు అన్నా, మీ ప్రశ్న చదివినంక లేచి ఎనక కొట్టంలకు పోయిన. పుట్టి అక్కడనే ఉంది. ఆరేండ్లుగ బోర్లేసి, దాని మీద కట్టెలు పేర్చుకున్నం, నేనే పేర్చిన. కట్టెలు తీసి ఇద్దరం తిప్పినం. ఏడడుగుల అడ్డం ఉంటది. లోపల వెదురు బద్దల అల్లిక ఇంకా గట్టిగనే ఉంది, ఒక దిక్కు మాత్రం ఎలుకలు కొరికినయి. బయట ప్లాస్టిక్ సంచులు, వాటి మీద తారు. "ఈ వెదురు నల్లమలదే, మా బాపు ఉన్నప్పుడు పుట్టికి తోలు కుట్టేటోళ్లు, తారు తర్వాత వచ్చింది" అని నాయిన చెప్పిండు. కొట్టంలనే కూసొని ఇంకో సంగతి చెప్పిండు. నైలాన్ రాకముందు నూలు వలలు ఉండేవి గద, అవి నీళ్లల్ల కుళ్లకుండ తుమ్మచెక్క ఉడకవెట్టిన నీళ్లల్ల ముంచేటోళ్లంట. వల ఎర్రగ అయ్యేదంట.

మగ్గం అన్నా, మీరు కరక్కాయ వగరు అన్నరు, నాయిన తుమ్మచెక్క వగరు అంటున్నడు. నాకు అక్కడ తట్టింది. కరక్కాయ ఆపి, తుమ్మచెక్క తెచ్చి ఉడకవెట్టిన, మా ఇంటి ముందలి తుమ్మచెట్టుదే. మల్లు బట్ట అండ్ల ముంచితే ఇటుక పొడి రంగు వచ్చింది. దాని మీద మీ ఇనుప నీళ్లతోని చేపను అద్దితే నలుపు కొంచెం ఊదాగ వచ్చింది గని, నాకు అదే నచ్చింది. తాతల వలను నల్లగ చేసినట్టు ఉంది. పాలు మాత్రం మీరు చెప్పినట్టే బర్రెవి పట్టిన. మొదటి చేప పాడైంది, రెండోది తల రాలేదు. మూడోది కొర్రమట్ట. బట్ట లేపంగనే తల మీది పెద్ద పొలుసులు, పక్కన గీత, తోక మీది ఒక చిరుగు కూడ కనిపించింది. నాయిన ఆ చిరుగు మీద వేలు పెట్టి, "దీన్ని ఇంకోటి కొరికింది" అన్నడు.

సారూ, మీ మాట కఠినంగ లేదు. నేను మొదలువెట్టింది చేప నుంచి చెట్టుకు ఒక పెద్ద ఎర్ర దారి. దాన్ని విప్పేసిన. ఇప్పుడు దారం చెట్టు దిక్కు నుంచి మొదలైతది. పుట్టి లోపల అడివి, బయట గంగ. లోపలి వెదురు సందులల్ల ఏరుమద్ది ఆకులు దోపిన, అడివివి కావు, మా ఊరి వాగు ఒడ్డున ఉన్న చెట్టువి. పై అంచు కాడ ఆకులు నిండుగ, కిందికి దిగినకొద్ది చిల్లులు పడ్డయి, అడుగున ఉత్త ఈనెలు. ఆకులను నెల రోజులు నీళ్ల తొట్టిల నానవెడితే అవే అట్ల అయినయి, నేను కత్తెర పెట్టలేదు. ఆ ఈనెల సందు నుంచి దారం వెదురు దాటి బయటికి పోయి పరక అయితది, పరక నుంచి కొర్రమట్ట నోట్లకు పోతది. వెనక్కు లోపలికి వచ్చేది ఒకటే సన్న దారం. అచ్చంపేట అన్న చెప్పిన బండ కాడికి వస్తది అది. అక్కడ అభ్రకం పెట్టలేదు, పొలుసులే దంచి చల్లిన, దాని చుట్టు ఆకుపచ్చ దారంతోని ముడి కుట్టు వేసిన. అన్నిటి కన్న ఎక్కువ రోజులు పట్టింది ఆ జానెడు తావుకే.

భూతద్దం కింద బొచ్చ పొలుసు చూసిన, సార్. మా వీధి కంసలాయన దగ్గరికి పోయి అడుక్కొని చూసిన, తర్వాత ఆయన కూడ చూసిండు, తర్వాత ఆయన భార్య. సామిల్లుల ఒక టేకు మొద్దు ముక్క తెచ్చి పక్కన పెట్టుకొని ఆ వలయాలు, ఈ వలయాలు తుమ్మ సిరాతోని ఒకటే బట్ట మీద గీసిన. అది పుట్టి నడిమిట్ల, కూసునే తావుల పరిచిన.

మలుగుపాము గురించి అడిగితే నాయిన చానాసేపు మాట్లాడలేదు. ముంపుకు ముందు ఎండాకాలం బండల సందుల పట్టిండంట, చెయ్యి జారిపోయేదంట, బూడిద పూసుకొని పట్టేటోళ్లంట. తర్వాత ఎప్పుడు పట్టిండో ఆయనకు యాదికి లేదు. అద్దుదామంటె చేప లేదు. అందుకే నేను దాన్ని గీయలేదు, నాయిననే అల్లమన్న. నైలాన్ దారం, కర్ర సూది తీసుకొని వల అల్లినట్టే అల్లిండు, మూరన్నర పొడుగు. మెడ కాడ ఎంత లావు ఉంటదో చేతితోని చూపియ్యమంటె, తన మణికట్టు పట్టుకొని చూపిచ్చిండు. దాన్ని పుట్టి బయట, తోక సముద్రం దిక్కు, తల ఎగువకు పెట్టినం. దాని ముందల నాలుగు ఇనుప తీగలు అడ్డంగ కట్టిన. పేర్లు రాయలేదు.

ఒకటే కష్టం మిగిలింది. బయటి దిక్కు తారు మీద ఏ జిగురు పట్టుత లేదు. ఫెవికాల్ పొరలు పొరలుగ ఊడుతుంది. తుమ్మ బంక, తపసి బంక రెండూ చూసిన, ఎండకు పగిలి పొలుసులు రాలుతున్నయి. ఏం చెయ్యాలె?

మగ్గం గుంత:

తుమ్మచెక్క మతి నాకు రాలేదు అక్కా, మంచిగ చేసినవు.

తారు మీద జిగురు పెట్టకు, తారునే జిగురు అనుకో. పట్టపగలు రెండు గంటల ఎండల పుట్టిని బోర్లించు. తారు మెత్తవడి వేలికి అంటుకునే టైముకు పాత నూలు బట్ట, ఉతికి మెత్తవడ్డ ధోవతి అసొంటిది, పరిచి చెంబుతోని రుద్దు. పొద్దుగూకేసరికి తారు గట్టివడి బట్టను పట్టుకుంటది. పొలుసులు ఆ బట్ట మీద కుట్టు, అతికించుడు ఎందుకు. పొలుసుకు సన్న సూదితోని అంచు కాడ ఒక రంధ్రం చేస్తే చాలు, చెమ్కీ కుట్టినట్టే.

సోమశిల ఒడ్డు:

నిన్న చేసిన అన్నా. నాయిన ధోవతే పరిచిన, ఆయననే ఇచ్చిండు. పట్టింది. చెమ్కీ కుట్టు నాకు వచ్చిన పనే, ఇవ్వాళ పొద్దటి నుంచి నూట నలభై పొలుసులు అయినయి. పాలమూరు అన్నా, ఆదివారం వస్తనంటిరి గద, రండి. పుట్టిని కొట్టంల నుంచి బయటికి తియ్యాలంటె నలుగురు కావాలె.